నాలుగు మూలలా పసుపు

అటక మీది ట్రంకు పెట్టెను కిందికి దించాలని మూడేళ్లుగా అనుకుంటున్నాను. నా మోకాళ్లు స్టూలెక్కడానికి ఒప్పుకోవు, ఎవరినైనా అడుగుదామంటే నా నోరు ఒప్పుకోదు. పోయిన ఆదివారం పొద్దున మా మేడ మీది వాటాలో ఉండే నూకరత్నం అడగకుండానే కొంగు బిగించి స్టూలెక్కి, ఆ పెట్టెను చంటిపిల్లను దించినట్టు దించి హాల్లో పెట్టింది. నూకరత్నం వాళ్లది విజయనగరం వైపు పల్లె. మొగుడికి అంబత్తూరు ఎస్టేటులో లేతు మిషను మీద పని దొరికితే, కూతురు యామినిని తీసుకుని నిరుడు ఇక్కడికి వచ్చారు. యామిని పక్క వీధి బడిలో రెండో తరగతి చదువుతోంది. ఆ పిల్ల పుస్తకాలు ఎలుకలు కొరికేస్తున్నాయని నూకరత్నం బాధపడుతుంటే, మా నాయన చేసిన పెట్టె ఒకటుంది, తీసుకుపో, దాన్ని కొరికే ఎలుక ఇంకా పుట్టలేదని గొప్పగా చెప్పాను.

నూకరత్నానికీ నాకూ స్నేహం కలిపింది ఆమె ఫోను. యామిని బడివాళ్లు తల్లిదండ్రులందరినీ ఒక వాట్సాప్ గ్రూపులో చేర్చారు. రేపు ఏ యూనిఫాం వేయాలి, ఎల్లుండి సెలవా కాదా, ఏ నోటుబుక్కు తేవాలి, అన్నీ అందులోనే వస్తాయి, అన్నీ తమిళంలోనే వస్తాయి. నూకరత్నానికి తెలుగే కూడబలుక్కుని చదవడం వచ్చు. అందుకని సాయంత్రం ఆరు కాగానే ఫోను పట్టుకుని కిందికి దిగి వస్తుంది. నేను కళ్లజోడు పెట్టుకుని చదివి, తెలుగులో చెప్పి, జవాబు కావాలంటే ఆమె తరఫున తమిళంలో నేనే కొట్టి పంపిస్తాను. ముప్పై ఏళ్లు ప్రెస్సులో రెండు భాషల ప్రూఫులూ దిద్దినదాన్ని, మధ్యమధ్య నాలుగు కథలు రాసుకున్నదాన్ని, నాకిది పెద్ద పని కాదు. పైగా బడి కబురు ఇంటికి మోసే ఉద్యోగం నాకు పదేళ్ల వయసులోనే వచ్చింది. ఆ పని నాకంటే బాగా ఎవరూ చేయలేరని ఆ ఆదివారం దాకా నా నమ్మకం.

పెట్టె తెరవగానే మైలుతుత్తం వాసన వచ్చింది. నిజానికి ఇన్నేళ్ల తరవాత ఆ వాసన ఉండడానికి వీల్లేదు, అయినా నా ముక్కుకు వచ్చింది. పెట్టె అడుగున అమ్మ ప్రతి ఏడూ ఒక కాగితం పరిచేది. పాతది తీసేది కాదు, దాని మీదే కొత్తది వేసేది. నేనూ నూకరత్నమూ ఒక్కొక్క పొరా ఊడబెరుకుతూ పోయాం. అన్నిటికంటే అడుగు పొర కింద, దారంతో కట్టిన కాగితాల కట్ట ఒకటి బయటపడింది. ప్రతి కాగితానికీ నాలుగు మూలలా పసుపు. రంగు వెలిసి గోధుమ రంగుకు తిరిగింది కానీ పసుపు పసుపే.

"ఏటండమ్మగోరూ, ఎవులి పెళ్లి పత్రికలండి ఇయి?" అంది నూకరత్నం.

"పెళ్లి పత్రికలు కావు. మా అమ్మకి నా బడి నుంచి వచ్చిన జాబులు."

"బడి జాబులకి పసుపేటండి?"

అది చెప్పాలంటే నా చిన్నతనం గడిచిన చూలై పేట దాకా వెళ్లాలి. చూలైలో మేము వరసిళ్లలో ఉండేవాళ్లం. అటు ఆరిళ్లు, ఇటు ఆరిళ్లు, మధ్యలో చేతిపంపు. రెండు వీధుల అవతల నాయన పనిచేసే ట్రంకు పెట్టెల కొట్టు. తెల్లారి మొదలుపెడితే దీపాలు పెట్టే వేళ దాకా రేకు మీద సుత్తి దెబ్బలు పడుతూనే ఉండేవి. ఆ చప్పుడు ఆగిందంటే అవ్వ, అంటే నాయన వాళ్లమ్మ, పొయ్యి మీద కాఫీ నీళ్లు పెట్టేది. అమ్మ ఇంట్లో కాగితం కవర్లు అంటించేది. పాత పేపర్లు, ఆఫీసుల్లో పారేసిన కాగితాలు మూటలుగా వచ్చేవి. సత్తు గిన్నెలో మైదా ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపి, చూపుడు వేలితో గీతలా పూసి, మడిచి, బొటనవేలితో ఒక్క ఒత్తు ఒత్తేది. అంతే, కవరైపోయేది. మా గుడ్డలకీ జుట్టుకీ ఆఖరికి అన్నానికి కూడా ఆ గంజి వాసనే ఉండేది. బడిలో నా పక్క పిల్ల ముక్కు మూసుకుంటే నాకు ఎందుకో అర్థమయ్యేది కాదు, ఆ వాసన నాకు తెలిసేదే కాదు.

తమిళం, తెలుగు, ఇంగ్లీషు, హిందీ, ఉర్దూ, అన్ని అక్షరాలూ అమ్మ చేతుల మీదుగా పోయేవి, ఒక్కటీ ఆమెకు చదవడం రాదు. కాగితాన్ని మందం చూసి వేరు చేసేది. దేవుడి బొమ్మ ఉంటే పక్కన పెట్టమని అవ్వ ఆజ్ఞ. చిన్నపిల్లల రాత ఉన్న నోటుపుస్తకం కాగితాలు వస్తే అమ్మే పక్కన పెట్టేది. "ఎవురి బిడ్డో కష్టపడి రాసుకునింది, దాంట్లో శెనగలు పోసేదా?" అనేది. అమ్మ పుట్టిల్లు సూళ్లూరుపేట దగ్గర పల్లె. నాయన వాళ్లు అంతకు ముందు రెండు తరాల నుంచీ చూలైలోనే. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం, సందు మలుపులో ఉర్దూ. అమ్మకు వచ్చిన తమిళం కూరగాయలు బేరమాడడానికీ పంపు దగ్గర పోట్లాడడానికీ సరిపోయేది. అంతకు మించి ఆమెకు అవసరం వస్తుందని ఎవరూ అనుకోలేదు.

మరి జాబు వస్తే ఏం చేసేవాళ్లని అడిగింది నూకరత్నం. మూలలు చూసేవాళ్లు. చదువు రాని ఇళ్లలో అదే చదువు. మూలలకు పసుపు ఉంటే శుభం, అది ఇంట్లో దాచుకోవాలి. మూల నల్లగా ఉంటే చావు కబురు. చదివించుకుని వెంటనే చింపేయాలి, ఒక్క గడియ కూడా ఇంట్లో ఉండకూడదు, చింపినాక తలకు పోసుకోవాలి. అవ్వ ఈ విషయంలో గొప్ప పండితురాలు. పోస్టుమాను సందు మొదట్లో ఉండగానే అతని చేతిలో కార్డు రంగు చెప్పేది.

మా బడిలో తెలుగు సెక్షను అయిదో తరగతి దాకానే. ఆ తరవాత చదవాలంటే తమిళ సెక్షనులో చేరాలి. చాలామంది ఆడపిల్లలు అక్కడితో ఆగిపోయేవాళ్లు. నేను అయిదు పాసైన ఎండాకాలం సెలవుల్లో ఒకరోజు పొద్దున ఒక కార్డు వచ్చింది. నేను పంపు దగ్గర బిందె నింపుకుని వచ్చేసరికి అమ్మ గడపలో కూలబడి ఏడుస్తోంది. అవ్వ కార్డును నాలుగు ముక్కలు చేసి కాలవలో వేసేసి, చేతులు కడుక్కుంటోంది. నల్లమూల కార్డట. అప్పటికి నెల రోజులుగా పల్లెలో మా అమ్మమ్మకు ఒంట్లో బాగాలేదు. ఇంకెవరి కబురు అయి ఉంటుంది?

"చదివించకుండా చింపేసినావేందవ్వా?" అన్నాను.

"చదివించేదానికి ఏముంది మే? మంచాన ఉండేది మీ అమ్మమ్మే గదా. పోయి మీ నాయన్ని పిలచకరా, బండికి టైమైతా ఉంది."

నాయన సుత్తి అక్కడే పడేసి వచ్చాడు. అందరం తలకు పోసుకుని మధ్యాహ్నం రైలెక్కాం. దారి పొడుగునా అమ్మ వాళ్లమ్మ మంచితనం గురించి చెప్పి ఏడ్చింది. అవ్వకూ మా అమ్మమ్మకూ అసలు పడేది కాదు, అయినా అవ్వ కూడా మర్యాదకు ఏడ్చింది. పల్లెలో ఇంటి ముందు ఎవరూ లేరు. అన్నీ అయిపోయాయి కాబోలనుకుని అమ్మ గొంతెత్తి ఏడుస్తూ లోపలికి పరిగెత్తింది. అమ్మమ్మ గోడకు చేరగిలబడి కూర్చుని రాగిసంగటి తింటోంది.

"ఏందిమే, నేను పొయినానని ఏడస్తా వచ్చినావా?" అంది అమ్మమ్మ. "పొయినదాన్ని ఊరుబిండి ఏసుకోని సంగటి తింటా ఉంటానా?"

అమ్మ ఆమెను కావిలించుకుని ఇంకా ఎక్కువ ఏడ్చింది. చచ్చిపోయిందనుకున్న తల్లి దొరికింది కదా, వెంటనే తిరిగి వచ్చేయడానికి ఎవరికీ మనసు రాలేదు. నాయన మర్నాడు వెళ్లిపోయాడు, మేము పదిహేను రోజులు ఉండిపోయాం. తాటిముంజెలు తిన్నాం. మరి ఆ కార్డు ఎక్కడి నుంచి వచ్చింది, చచ్చిపోయింది ఎవరు అన్న ప్రశ్న ఆ సంతోషంలో ఎవరికీ రాలేదు.

బడి తెరిచిన రోజు ఆ ప్రశ్నకు జవాబు దొరికింది. కమలవల్లి టీచర్ ఆరో తరగతి పేర్లు పిలిచింది, నా పేరు లేదు. ఆమె తమిళ టీచర్, పొడుగు మనిషి, కాటన్ చీర మడత నలగకుండా బతికే మనిషి. ఆరో తరగతిలో చేరాలనుకునే తెలుగు సెక్షను పిల్లల తల్లో తండ్రో ఫలానా రోజు వచ్చి సంతకమో వేలిముద్రో వేయాలి, రాకపోతే ఆ చోటు వేరే పిల్లకు పోతుంది అని సెలవుల్లో ఇంటింటికీ కార్డు వేశానంది. మీ ఇంటి నుంచి ఎవరూ రాలేదంది. ఆమె తమిళం నాకు సగం అర్థమైంది, ఆ సగం చాలు. సంచీ భుజాన వేసుకుని నేను ఇంటికి వచ్చేశాను. దారంతా ఏడ్చాను. కవర్లకు గంజి పూసుకుంటూ బతకాలి కాబోలని ఏడ్చాను. అమ్మ పని మీద నాకు ఆనాడు ఎంత చిన్నచూపు ఉండేదో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

నేను చెప్పింది విని అమ్మ చేతిలో కవరు కింద పెట్టింది. "ఎందుకులేమే, ఆడపిల్లకి ఇంతదాకా చదివింది చాలు" అని అవ్వ అనబోతే వినిపించుకోలేదు. వేళ్లకు గంజి ఆరకముందే నా చెయ్యి పట్టుకుని బడికి బయలుదేరింది. అమ్మ బడి గేటు దాటడం అదే మొదటిసారి. చెప్పులు గేటు బయటే విడిచింది. కమలవల్లి టీచర్ ముందు నిలబడి, తనకు వచ్చిన కూరగాయల తమిళంలో, చాలని చోట తెలుగు పోసి మొదలుపెట్టింది.

"టీచరమ్మా, కార్డు వందుచ్చి. మూలలో కరుప్పు. మాయమ్మ పొయిందనుకోని చింపేసినాం. ఊరికి పొయినాం. ఆడ చూస్తే మాయమ్మ సంగటి తింటా ఉంది."

టీచర్‌కు తెలుగు రాదు. కానీ మూల, నలుపు, అమ్మ, చింపడం ఇవి అర్థం కావడానికి తెలుగు అక్కర్లేదు. ఆమె లేచి బీరువా తెరిచి, మిగిలిపోయిన కార్డులు తీసి బల్ల మీద పరిచింది. బడిలో సైక్లోస్టైలు యంత్రం పాతది, ఒక పక్క సిరా కారేది. ప్రతి కార్డుకూ కుడి మూల నల్లటి మరక. ఆమె కార్డులను చూసింది, అమ్మను చూసింది, పెద్దగా నవ్వింది. అంత మడత నలగని మనిషి అలా నవ్వుతుందని నాకు తెలీదు. తరవాత కుర్చీలో కూర్చుని, మా ఇంట్లోనూ ఇదే ఆచారం, నాకెందుకు తట్టలేదు, ఎన్ని ఇళ్లలో ఏడుపు పెట్టానో అంది. రాని పిల్లలు ఇంకో ఇద్దరు ఉన్నారు. ఆ సాయంత్రం గొడుగు వేసుకుని తానే వాళ్ల ఇళ్లకు వెళ్లింది. ఒక పిల్ల మర్నాడు బడికి వచ్చింది. వెంకటసుబ్బమ్మ అనే పిల్ల ఇంటికి తాళం వేసి ఉంది, వాళ్లు ఫ్యాక్టరీ పని వెతుక్కుంటూ తిరువొత్తియూరు వెళ్లిపోయారు. టీచర్ రెండు ఆదివారాలు రైలెక్కి అక్కడికి వెళ్లి వెతికిందట, దొరకలేదు. వెంకటసుబ్బమ్మ నాకంటే బాగా చదివేది. ఆ పేరు తలుచుకున్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

ఆరో తరగతిలో బెంచీలన్నీ నిండిపోయాయి, నేల మీద కూర్చుంటుందా అని టీచర్ అడిగింది. "మేము కవర్లు అంటించేది నేల మీదనే గదా టీచరమ్మా. కూచుంటది" అంది అమ్మ. అప్పుడు టీచర్ ఇంకొకటి అడిగింది. ఆ మాట నేను ఎప్పుడూ మరిచిపోలేదు. మీ ఇంటికి మంచి కబురు ఎలా వస్తుంది, అని అడిగింది. ఆ మాట అమ్మకు తెలుగులో చెప్పాను. అమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "పసుపు పూసుకోని వస్తుంది" అంది.

ఆ రోజు నుంచీ కమలవల్లి టీచర్ సొరుగులో, సుద్దముక్కల పక్కన, ఖాళీ పళ్లపొడి డబ్బా నిండా పసుపు ఉండేది. ఇంటికి ఏ కాగితం పంపినా నాలుగు మూలలా పసుపు అద్ది పంపేది. మిగతా టీచర్లు ఇదేం బడా కల్యాణ మంటపమా అని వేళాకోళం చేసేవారు. మా క్లాసులో ఉర్దూ మాట్లాడే ముంతాజ్ ఇంట్లో కాగితమంటేనే భయమని తెలిసి, వాళ్లకు మాత్రం కబురు నోటితోనే చెప్పి పంపేది. ప్రతి తల్లినీ ఆ ఒక్క ప్రశ్న అడిగి, జవాబు ఒక నోటుపుస్తకంలో రాసుకునేది. ఇంత తతంగం ఎందుకని అడిగినవాళ్లకు ఆమె ఏం చెప్పేదో నాకు తెలీదు. మా ఇంట్లో మాత్రం బడి కాగితం వస్తే అవ్వ కూడా కళ్లకు అద్దుకునేది.

కాగితం తెచ్చేది నేను, చదివి చెప్పేది నేను. నాలుగు నెలల్లో తమిళం చదవడం వచ్చేసింది. నేల మీద కూర్చున్నా అక్షరాలు పట్టుబడ్డాయి కానీ లెక్కలు పట్టుబడలేదు. టీచర్ తమిళంలో లెక్క చెబుతుంటే నేను లోపల తెలుగులోకి మార్చుకునేసరికి క్లాసు తరవాతి లెక్కకు పోయేది. అడిగితే తప్పు చెబుతానేమోనని అసలు నోరే తెరిచేదాన్ని కాదు. ఒకరోజు టీచర్ పసుపు అద్దిన కాగితం ఒకటి నా చేతికిచ్చింది. దారిలో విప్పి చదివాను. మీ అమ్మాయి లెక్కల్లో బాగా వెనకబడింది, అడిగితే నోరు తెరవదు, పక్క పిల్లది చూసి రాస్తోంది, ఇలాగే ఉంటే ఈ తరగతిలో ఉంచడం కష్టం, ఒకసారి వచ్చి కలవండి అని ఉంది.

చాలు చదివింది అనడానికి అవ్వ సిద్ధంగా ఉంది. ఎలాగో దొరికిన చోటు, ఈ కాగితంతో పోయేలా ఉంది. అమ్మ ఎదురుగా నిలబడి, కాగితంలో ఉన్నది చదువుతున్నట్టే గడగడా చెప్పేశాను.

"నేను బాగా చదవతా ఉండానంట. టీచర్‌కి శానా సంతోషమంట."

అమ్మ కాగితం తీసుకుని మూలలు చూసింది. నా మొహం చూసింది. "అంతేనా?" అంది.

"అంతే."

కాగితం కళ్లకు అద్దుకుని పెట్టెలో పెట్టేసింది. పసుపు నన్ను కాపాడిందనుకున్నాను. ఇంత తెలివి నాకెక్కడి నుంచి వచ్చిందా అని కూడా అనుకున్నాను.

ఆ వారమే అమ్మకు కొత్త పిచ్చి పట్టింది. నేను బడి నుంచి రాగానే, మొహం కడుక్కోకముందే, కవర్ల ముందు కూర్చోబెట్టేది. పాతిక కవర్లు ఒక దొంతర, నాలుగు దొంతరలు ఒక కట్ట. "ఏడు కట్టలు, మూడు దొంతర్లు, పైన తొమ్మిది. ఎన్ని?" అనేది. నేను వేళ్లు లెక్కపెడుతుంటే, "నోటితో చెప్పు. నా చెవికి వినపడాల" అనేది. తెలుగులో చెబితే, "అరవంలో చెప్పు, కొట్టాయనకి ఆ లెక్కే కావాల" అనేది. తప్పు చెబితే కట్టను చేత్తో ఎత్తి, బరువు చూసి, కాదు మళ్లీ చెప్పు అనేది. ఒకరోజు నాకు ఒళ్లు మండి కట్ట విసిరికొట్టాను. ఇల్లంతా కవర్లు పరుచుకున్నాయి. అమ్మ మూలనున్న చీపురు చూపించి, "ఇప్పుడు పొరక తెచ్చేలోపల ఎన్ని పడినాయో చెప్పు" అంది. తన పని నా నెత్తిన రుద్దుతోందని, పొద్దంతా బడిలో చచ్చి వచ్చినా జాలి లేదని అవ్వతో ఫిర్యాదు చేశాను. ఇలా నెలలు గడిచాయి. పరీక్షల నాటికి తమిళంలో లెక్క నోటికి తన్నుకు వచ్చేది. ఆ ఏడు చివర నాకు బెంచీ మీద చోటు దొరికింది. అంతా నా తెలివే అనుకున్నాను, ఇన్నేళ్లూ అలాగే అనుకున్నాను.

ఇదంతా నూకరత్నానికి చెబుతూ, ఆ కాగితం తమాషాగా ఆమెకు చూపిద్దామని కట్ట విప్పాను. అదిగో, అదే కాగితం, టీచర్ గుండ్రటి తమిళం రాత. చేతిలో తిప్పాను. వెనక వైపు ఊదారంగు సిరాతో ఒక వేలిముద్ర. బొటనవేలికి అడ్డంగా గీత. రేకు కోసుకుని అమ్మ బొటనవేలికి పడిన గాటు అది, ఆ గాటు ఎక్కడ చూసినా గుర్తుపడతాను. వేలిముద్ర పక్కన టీచర్ తమిళంలో రెండు వాక్యాలు రాసింది. తల్లి వచ్చింది, అంతా చెప్పాను, లెక్కలు ఇంట్లో తాను చూసుకుంటానంది. అమ్మాయిని ఏమీ అనవద్దని, తాను వచ్చిన సంగతి చెప్పవద్దని అడిగింది.

మోకాళ్ల సంగతి మరిచిపోయి నేల మీద కూలబడ్డాను. మిగతా కాగితాలు తిప్పి చూశాను. ప్రతిదాని వెనకా అదే వేలిముద్ర, అదే గాటు. అమ్మ దుకాణాలకు కవర్లు వేసి వచ్చే దారిలోనే బడి ఉండేది. బుట్ట గేటు దగ్గర దింపి, చెప్పులు విడిచి, ఒక్కొక్క కాగితానికీ వెళ్లి టీచరమ్మతో మాట్లాడి వచ్చింది. ఒకరికి తెలుగు రాదు, ఇంకొకరికి తమిళం అంతంత మాత్రం. ఏం మాట్లాడుకున్నారో, ఎలా మాట్లాడుకున్నారో. నేను లేకుండానే మాట్లాడుకున్నారు. నేనే లేకపోతే మా అమ్మకు బడి సంగతి ఒక్క ముక్క తెలిసేది కాదనుకుని అరవై ఏళ్లు బతికాను. నేను ఏడ్చాను, నవ్వొచ్చింది, మళ్లీ ఏడ్చాను. అమ్మ పోయి చాలా ఏళ్లయింది. పోయే దాకా ఒక్క మాట అనలేదు.

"అమ్మగోరూ, ఏటయిందండి?" అంటూ నూకరత్నం నీళ్లు తెచ్చింది. ఆ గ్లాసు అందుకుంటుంటే నేను చేసిన పని గుర్తొచ్చింది. అంతకు ముందు బుధవారం యామిని టీచర్ నుంచి నూకరత్నానికి విడిగా ఒక మెసేజీ వచ్చింది. యామిని క్లాసులో నోరు తెరవడం లేదు, అడిగితే తల దించుకుంటుంది, మీతో మాట్లాడాలి అని. పిల్లకు ఇక్కడ పొసగకపోతే ఊళ్లో తన తల్లి దగ్గర వదిలేస్తానని నూకరత్నం అప్పటికే రెండుసార్లు అని ఉంది. ఈ మాట చెబితే రేపే రైలెక్కిస్తుందని నాకు భయం వేసింది. అందుకని, యామిని బుద్ధిగా కూర్చుంటోందట, టీచర్ మెచ్చుకుంది అని చెప్పి, ధన్యవాదాలని జవాబు కొట్టాను. అరవై ఏళ్ల తరవాత అదే అబద్ధం, దాదాపు అవే మాటల్లో.

దాచుకోలేక చెప్పేశాను. నూకరత్నం పెట్టె మూత మీద చెయ్యి వేసుకుని వింది. కోప్పడుతుందనుకున్నాను, కోప్పడలేదు.

"నాకు సెప్తే నానేటి సేద్దునో మీకెలాగ తెల్సండి?" అంది.

అమ్మకు నేను అబద్ధం చెప్పింది భయంతో, నూకరత్నానికి చెప్పింది జాలితో. రెండింటిలోనూ ఎదుటి మనిషికి ఏమీ చేతకాదనే అనుకున్నాను. చదువు వచ్చినవాళ్లకు ఈ పొగరు తెలియకుండానే వస్తుంది కాబోలు.

సోమవారం ముగ్గురం బడికి వెళ్లాం. యామినిని క్లాసులోకి పంపి టీచర్ కోసం వరండాలో నిలబడ్డాం. ఆ రోజుల బడికీ ఈ బడికీ పోలికే లేదు. గోడల నిండా రంగులు, ప్రతి గదిలో ఫ్యాన్లు, నేల మీద కూర్చునే పిల్ల ఒక్కతీ లేదు. క్లాసులో తొంగి చూస్తే తమిళ పిల్లల మధ్య ఒరియా పిల్ల, బీహారు పిల్లలు ఇద్దరు, మా యామిని. అప్పుడు బడికి ఇల్లు దూరంగా ఉండేది, ఇప్పుడు బడి ఇంటికి రోజుకు పదిసార్లు మెసేజీగా వస్తోంది, అయినా గేటు దగ్గర నూకరత్నం మొహంలో ఉన్న బెరుకు మా అమ్మ మొహంలో నేను చూసిందే. టీచర్ తేన్‌మొళి చిన్నపిల్ల, పాతికేళ్లు కూడా ఉండవు. మమ్మల్ని టీచర్ల గదిలోకి పిలిచి, నేను చెప్పింది మీరు ఆమెకు చెప్పండి అన్నట్టు నా వైపు కుర్చీ లాగింది. నేను కూర్చోలేదు.

"మీరిద్దరే మాట్లాడుకోండమ్మా" అన్నాను తమిళంలో. "ఒకటి మాత్రం ముందు అడగండి. ఆమె ఇంటికి మంచి కబురు ఎలా వస్తుందో అడగండి."

బయటికి వచ్చి వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. అది చాలా కష్టమైన పని. లోపల నుంచి తమిళం వినిపించింది, తరవాత విజయనగరం తెలుగు, తరవాత ఇద్దరికీ సగం సగం వచ్చిన హిందీ. ఒకచోట ఇద్దరూ ఆగిపోయారు. ఆ మాట నాకు తెలుసు, ఒక్క అంగలో వెళ్లి చెప్పేయవచ్చు. బెంచీ అంచు గట్టిగా పట్టుకున్నాను. ఫోనులో ఏదో నొక్కినట్టున్నారు, ఒక యంత్రం గొంతు ఏదో తప్పు తెలుగు పలికింది, ఇద్దరూ నవ్వారు. మళ్లీ మాట సాగింది. అరగంట తరవాత నూకరత్నం కళ్లు తుడుచుకుంటూ, నవ్వుతూ వచ్చింది.

"ఏమంది?" అన్నాను, ఉండబట్టలేక.

"మంచి కబురైతే మావోల్లు ఫోన్లో మాటాడతారు గానీ రాయరని సెప్పేనండి. అరవమైనా మాటైతే నాకు తెలుస్తాది, అచ్చరాలే తెలవ్వు. రేపట్నించి ఆవిడ నెమ్మదిగా మాటాడి పంపిస్తాదంట." ఫోను సంచీలో వేసుకుని, "మిగతాది మేం మేం సూసుకుంటామండి" అంది. ఊరికి పంపే మాట ఆమె ఎత్తలేదు.

మర్నాడు పెట్టెను పైకి మోసుకుపోయింది. పసుపు కాగితాలు మాత్రం నేను ఉంచుకున్నాను. సాయంత్రం ఆరు కావస్తుంటే అలవాటు కొద్దీ కళ్లజోడు తుడిచి పెట్టుకుని కూర్చున్నాను. మేడ మీద ఫోనులో తేన్‌మొళి గొంతు నెమ్మదిగా, ఒక్కొక్క మాటా విడివిడిగా వినిపించింది. తరవాత నూకరత్నం గొంతు. "నోటితో సెప్పు. నాకినపడాల." ఆ తరవాత యామిని, మొదట గొణుగుతూ, తరవాత గట్టిగా, ఒండ్రు, రెండు, మూండ్రు అని తమిళంలో లెక్కపెట్టడం మొదలుపెట్టింది. తల్లి వెనకాలే తప్పుగా అంటుంటే దిద్దుతోంది. ఆరు దాటింది, ఆరున్నర అయింది. నా తలుపు ఎవరూ తట్టలేదు. ఇంత సంతోషం నాకు ఈ మధ్య కలగలేదు.